మేనమామ మిషనును విప్పి చూపించమని అడగడం ఎలా?

నర్సంపేట దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పాఠకుడు రాసిన పొడవైన ఉత్తరం సారాంశం ఇది. ఆయనకు ముప్పై దాటాయి. పెళ్ళికి ముందు నుంచీ చెట్లు కోసే మేస్త్రీల దగ్గర కూలికి వెళ్తున్నారు. ఎక్కువగా జామాయిల్ తోటల్లో కోత, కర్ర తొక్క తీయడం, లారీకి లోడు ఎత్తడం ఆయన పని. అప్పుడప్పుడు ఇళ్ళ పక్కన ఒరిగిపోయిన వేప, తుమ్మ చెట్లు కోయడానికి కూడా పిలుస్తుంటారు. చైన్‌సా, అంటే చెట్లు కోసే రంపం మిషను, సొంతమైతే కూలితో పాటు మిషను కిరాయి కూడా తన చేతికే వస్తుందన్నది ఆయన ఆలోచన. దానికోసం భార్య తన మహిళా సంఘం ద్వారా స్త్రీనిధి నుంచి రూ.25,000 అప్పు తెచ్చారు. ఈ సంగతి తెలిసి, పరకాల వైపు ఉండే మేనమామ తన చైన్‌సాను రూ.16,000కు ఇస్తానన్నారు. అది 72 సీసీ మిషను అనీ, కొత్తది కొనాలంటే రెట్టింపు పైనే అవుతుందనీ ఆయన అంటున్నారు. ఆయన కూడా దాన్ని భూపాలపల్లి వైపు ఒకరి దగ్గర పాతదే కొన్నారు. బిల్లు లేదు, పైన ఉండాల్సిన స్టిక్కర్లు చెరిగిపోయాయి.

చూడడానికి వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉందనీ, ఒక్క లాగుకే స్టార్టయిందనీ, కానీ రేసు వదిలేస్తే చప్పుడు ఎక్కుతూ దిగుతూ ఉందనీ, చైను ఆగకుండా నెమ్మదిగా తిరుగుతూనే ఉందనీ రాశారు. సైలెన్సర్ విప్పి చూద్దామా అని అడగబోతే, "ఇంటోనివి, నీకు నేను మోసం జేస్తనారా?" అని మామ నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాట ఈయనకు గుచ్చుకుంది. తమ్ముడి వస్తువును అనుమానిస్తే బతుకమ్మకు పుట్టింటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలని తల్లి బాధపడుతున్నారు. బిల్లు లేని వస్తువు మీద సంఘం డబ్బు పెట్టనివ్వనని భార్య అంటున్నారు. పదివేల లోపు చైనా మిషను కొత్తదే వస్తుంది కదా అని తోటి కూలీలు అంటున్నారు. ఎవరి మాట వినాలి, పాత మిషనులో ఏమేం చూడాలి, మామ మనసు నొప్పించకుండా ఎలా చూడాలి అన్నవి ఆయన అడిగిన మూడు ప్రశ్నలు.

మీ మూడు ప్రశ్నలకంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మీ పనికి 72 సీసీ మిషను అవసరమా? నాలుగైదేళ్ళకు కోతకు వచ్చే జామాయిల్ మొద్దు మొదట్లో జానెడు మందం ఉంటుంది, మహా అయితే జానెడున్నర. దానికి 45 నుంచి 50 సీసీ ఇంజను, 16 లేదా 18 అంగుళాల బార్ (చైను తిరిగే పట్టీ) ఉన్న మిషను సరిపోతుంది. ఆ తరగతి మిషను బార్, చైను లేకుండా నాలుగున్నర కిలోల చుట్టూ తూగితే, 72 సీసీది ఆరు కిలోలు దాటుతుంది. పొడవాటి బార్, చైను, ట్యాంకులో పెట్రోలు, చైను ఆయిలు కలిస్తే మీ చేతిలోకి వచ్చే బరువు ఎనిమిది కిలోలు మించుతుంది. ఒక చింత మొద్దును అడ్డంగా కోసే గంటలో ఆ బరువు మీకు సాయం చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోటలో వరుస వెంట వంగుతూ, లేస్తూ, కొమ్మలు కొడుతూ సాగే పనిలో అదే బరువు నడుమును తినేస్తుంది. పెట్రోలు కూడా ఎక్కువే తాగుతుంది. రోడ్ల వెడల్పు పనులో, పెద్ద చింత, మద్ది చెట్ల పనులో మీకు క్రమంగా దొరికే మాటైతే పెద్ద మిషనుకు అర్థం ఉంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీ ఏడాది పనిలో ఎక్కువ భాగం జామాయిలే. చవకగా వస్తున్నదన్న ఒక్క కారణం మీద పనికి మించిన మిషను కొంటే, ఆ తేడా రోజూ ఒంటి మీద, పెట్రోలు మీద కట్టాల్సి వస్తుంది.

ఇక మామ మాట. ఆయన మిమ్మల్ని మోసం చేస్తారని మీ ఉత్తరంలో ఎక్కడా నాకు అనిపించలేదు. అసలు నమ్మకం ప్రశ్నే ఇక్కడ లేదు. ఆయన కూడా దాన్ని పాతదిగానే కొన్నారు. లోపల పిస్టను ఎలా ఉందో ఆయన కూడా ఏనాడూ చూసి ఉండకపోవచ్చు. తెలియని సంగతిని ఎంత నిజాయితీపరుడైనా చెప్పలేడు. అంగడిలో ఎద్దును కొనేవాడు అది సొంత బావమరిది ఎద్దయినా నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, దానికి బావమరిది కోపం తెచ్చుకోడు. మీరు అడగవలసింది ఆయన గురించి కాదు, ఇంజను గురించి అన్న సంగతి ముందు మీ మనసులో స్థిరపడితే, ఆ మాట మీ నోటి నుంచి వచ్చే తీరే మారుతుంది.

మీరు గమనించి రాసిన రెండు లక్షణాలు చాలా విలువైనవి. రేసు వదిలినప్పుడు చప్పుడు ఎక్కుతూ దిగుతూ ఉండడానికి రెండు రకాల కారణాలు ఉంటాయి. మొదటిది తేలికైనది: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండడం, కార్బొరేటర్‌లో పాత పెట్రోలు జిడ్డు కట్టడం, లోపలి డయాఫ్రం బిగుసుకుపోవడం. ఇవి శుభ్రం చేయించి, రిపేరు కిట్ వేయిస్తే పోతాయి. రెండోది బరువైనది: క్రాంకు షాఫ్టు రెండు కొసల్లో ఉండే ఆయిల్ సీళ్ళు అరిగి, లేదా కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టం పగిలి, ఇంజను బయటి గాలిని దొంగతనంగా పీల్చుకోవడం. అప్పుడు పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు పెరుగుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనుకు ఆయిలు అందేది పెట్రోలుతోనే కాబట్టి, పెట్రోలు తగ్గితే ఆయిలు కూడా తగ్గుతుంది. ఇంజను వేడెక్కి, ఒకనాడు పిస్టను సిలిండర్‌కు పట్టేస్తుంది.

రేసు వదిలాక కూడా చైను తిరుగుతూనే ఉండడాన్ని దీనితో కలిపి చూడండి. ఆగిపోతున్న ఇంజనును ఆగకుండా ఉంచడానికి ఎవరో ఐడిల్ స్క్రూ (రేసు ఇవ్వనప్పటి వేగాన్ని సరిచేసే మర) బిగించి వేగం పెంచి ఉండవచ్చు. అది కాకపోతే క్లచ్ స్ప్రింగులు సాగిపోయి ఉండాలి. అలా తిరిగే చైను ఉన్న మిషనుతో తోటలో రెండడుగులు నడిచినా తొడ కోసుకుంటుంది, కాబట్టి దాన్ని చిన్న లోపంగా తీసుకోకండి.

చప్పుడు ఎక్కుతూ దిగడానికి పైన చెప్పిన తేలిక, బరువు కారణాల్లో ఏదో తేల్చుకోవడానికి విప్పనవసరం లేదు. ఇంజను ఐడిల్‌లో ఉండగా మిషనును ఎడమకు, కుడికి, ముక్కు పైకి, ముక్కు కిందికి ఒంచి చూడండి. ఒక వైపు ఒంచగానే వేగం మారితే సీళ్ళ మీదో బేరింగుల మీదో అనుమానం పెట్టుకోవాలి. ఫుల్ రేసు ఇచ్చి వదిలినప్పుడు చప్పుడు వెంటనే కిందికి పడాలి. పైనే కాసేపు వేలాడి, ఆ తరువాత నెమ్మదిగా దిగితే గాలి ఎక్కడి నుంచో లోపలికి పోతోందని లెక్క. సీళ్ళు పెద్ద ఖరీదైన వస్తువులు కావు గానీ, వాటిని మార్చాలంటే ఒక వైపు ఫ్లైవీలు, మరో వైపు క్లచ్ ఊడదీయాలి. అందువల్ల ఖర్చంతా మెకానిక్ చేతి పనికే పోతుంది.

వేడి ఇంజను ఒక్క లాగుకు స్టార్టవడం వల్ల మీకు తెలిసింది సగమే. మళ్ళీ వెళ్ళేటప్పుడు ముందు రోజే ఫోన్ చేసి, తాను స్టార్ట్ చేయకుండా ఉంచమని మామను అడగండి. చల్లటి ఇంజను మీ చేతులతో ఎన్ని లాగులకు అందుకుంటుందో చూడండి. అందుకున్నాక ఒక మొద్దు మీద పది నిమిషాలు ఆగకుండా కోయండి, ఆపి అయిదు నిమిషాలు పక్కన పెట్టి మళ్ళీ లాగండి. రింగులు అరిగిన ఇంజను చలిలో బాగానే నడిచి, వేడిలో మొరాయించడం మామూలు.

ఇంజనులో బిగువు (కంప్రెషన్) ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి కోత మేస్త్రీలు చేసే పరీక్ష ఒకటి ఉంది. స్విచ్ ఆఫ్ చేసి, చైన్ బ్రేకు వేసి, స్టార్టర్ తాడు పిడిని పట్టుకుని మిషనును మెల్లగా గాలిలోకి ఎత్తాలి. బిగువున్న ఇంజనయితే మిషను ఆగి ఆగి, మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. అరిగినదైతే సరసరా జారిపోతుంది. అయితే పెద్ద మిషన్లలో కొన్నిటికి లాగడం సులువు కావడానికి డీకంప్రెషన్ బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంటే మంచి ఇంజను కూడా జారుతుంది, కాబట్టి ముందు దాన్ని చూసుకోండి. మెకానిక్ దగ్గర గేజ్ ఉంటే అనుమానమే అక్కర్లేదు: ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, రేసు పూర్తిగా నొక్కి పట్టి, ముల్లు ఇక పెరగనంత వరకు తాడు లాగాలి. మంచి స్థితిలో ఉన్న మిషన్లు సాధారణంగా 150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చుట్టూ చూపిస్తాయి. 120 కిందికి వస్తే ధర గురించి మళ్ళీ మాట్లాడాలి. 100 లోపు ఉంటే పిస్టను, రింగులు, వీలైతే సిలిండరు కూడా కొత్తవి వేయాలన్న లెక్కతోనే బేరం మొదలు కావాలి.

వీటన్నిటికంటే నిక్కచ్చిగా చెప్పేది మీరు అడగబోయి ఆగిపోయిన సైలెన్సరే. దాన్ని పట్టి ఉంచేవి రెండు మూడు బోల్టులు, పది నిమిషాల పని. అది తీయగానే సిలిండర్ గోడలో పొగ బయటికి వచ్చే రంధ్రం కనిపిస్తుంది. సెల్‌ఫోన్ లైటు దాంట్లోకి కొట్టి, ప్లగ్గు తీసి ఉంచి, స్టార్టర్ తాడును కొద్దికొద్దిగా లాగండి. పిస్టను ఆ రంధ్రం ముందు నుంచి పైకీ కిందికీ కదులుతుంది. పిస్టను గోడ బూడిదరంగులో, నునుపుగా, తయారీలో పడిన సన్నని అడ్డగీతలతో ఉండి, రింగు అంచు మెరుస్తూ దాటిపోతే మంచిది. అడ్డగీతలకు బదులు పై నుంచి కిందికి గోకినట్టు నిలువు గీతలు, అల్యూమినియం కరిగి పూసినట్టు మచ్చలు కనిపిస్తే ఆ ఇంజను ఇంతకు ముందు ఒకసారి పట్టేసిందని అర్థం. ఈ పొగ వైపు దెబ్బ తింటే సాధారణంగా ఆయిలు చాలకపోవడమో, గాలి ఎక్కువై వేడెక్కడమో కారణం. కార్బొరేటర్ వైపు దెబ్బ తింటే, చిరిగిన ఎయిర్ ఫిల్టర్‌తో నడపడం వల్ల రంపపు పొడి, దుమ్ము లోపలికి పోయిందని లెక్క. దీన్నొక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటో ధర గురించి మామతో మాట్లాడే పనిని సగం తగ్గిస్తుంది.

బార్, చైను సంగతి మీకు నాకంటే ఎక్కువ తెలుసు, కాబట్టి గుర్తు చేయడం వరకే. చైను పళ్ళ మీద అరుగుదల గీత ఉంటుంది. పన్ను పొడవు 4 మిల్లీమీటర్లకు దిగితే ఆ చైను పని అయిపోయింది. క్లచ్ డ్రమ్ము దగ్గరి పళ్ళ చక్రం మీద చైను తొక్కిన గుంటలు అర మిల్లీమీటరు దాటితే దాన్ని మార్చకుండా కొత్త చైను వేయడం డబ్బు దండగ. ఫ్లైవీలును చేత్తో పట్టుకుని కుదిపితే లూజు తెలియకూడదు. చైనుకు ఆయిలు అందుతోందో లేదో చూడడానికి, బార్ కొనను అట్టముక్కకు జానెడు ఎత్తున పట్టుకుని రేసు ఇస్తే కొన్ని సెకన్లలో అట్ట మీద ఆయిలు సన్నని చారగా పడాలి. మన వైపు చాలామంది ఆ ట్యాంకులో ట్రాక్టరు నుంచి దింపిన కాలిన ఆయిలు పోస్తారు. అందులోని ఇనుప రజను పంపును తినేస్తుంది. మామ మిషనులో ఏ ఆయిలు పోశారో మూత తీసి చూస్తే, ఆ మిషను ఎలాంటి చేతుల్లో పెరిగిందో కొంత తెలిసిపోతుంది.

చైన్ బ్రేకును మాత్రం తప్పకుండా రెండు విధాలుగా చూడండి. మిషను నడుస్తుండగా క్షణం పాటు ఫుల్ రేసు ఇచ్చి, పిడి వదలకుండా ఎడమ మణికట్టుతో ముందు కవచాన్ని తోస్తే చైను ఆ క్షణమే ఆగాలి. రెండోది ఇంజను ఆపి చేసేది: మొద్దుకు కాస్త పైన మిషనును పట్టుకుని, వెనక పిడి మాత్రమే పట్టి ముందు పిడి వదిలితే బార్ కొన మొద్దుకు తగలాలి, తగలగానే బ్రేకు తనంతట తాను పడాలి. బార్ కొన పై అంచు కర్రకు తగిలి మిషను ముఖం మీదికి ఎగిరే రెప్పపాటులో మిమ్మల్ని కాచేది ఈ రెండో పనే. ఈ రెండు పరీక్షల్లో ఏది తప్పినా, బాగు చేయించే దాకా ఆ మిషనును ఎంత చవకైనా తీసుకోకండి.

ఇప్పుడు మీ భార్య మాటకు వస్తాను. ఉత్తరంలో మీరు ఆమె మాటను మామకూ అమ్మకూ అడ్డుగా ఉన్న సమస్యలా రాశారు గానీ, నాకు ఈ ముగ్గురిలో లెక్క తెలిసి మాట్లాడుతున్నది ఆమే అనిపించింది. అప్పు ఆమె పేరు మీద ఉంది. కిస్తీ ఆగితే సంఘంలో మాట పడేది ఆమె. అదీగాక బిల్లు లేకపోవడంలో ఆమె చూసిన దానికంటే పెద్ద చిక్కులు రెండు ఉన్నాయి. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ కొన్నవాళ్ళు భారతీయ న్యాయ సంహిత కింద కూడా నేరస్థులే. బిల్లు లేదు, స్టిక్కర్లు లేవు, మొదటి యజమాని ఎవరో తెలియదు అంటే ఆ కారణం మన చేతిలోనే ఉన్నట్టు. రెండోది అడవి. భూపాలపల్లి, ఏటూరునాగారం అడవుల అంచున తిరిగిన మిషను ఇంతకు ముందు ఏ పనిలో ఉందో మనకు తెలియదు. 1967 నాటి అటవీ చట్టం కింద అక్రమ కోతలో వాడిన పనిముట్లను, బండ్లను స్వాధీనం చేసుకునే అధికారం అటవీ శాఖకు ఉంది. మీ సొంత పనికి కూడా ఇది గుర్తుంచుకోండి: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పట్టా భూమిలోని చెట్టు కోయడానికి కూడా అనుమతి అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. జామాయిల్, సుబాబుల్ తోటలకు ఉన్నంత వెసులుబాటు వేప, చింత, టేకుకు ఉండదు. ఇంటి పక్క చెట్టు కోయమని పిలిచినవాళ్ళను అనుమతి కాగితం అడగడం మిషను సొంతదారుగా మీ మీద పడే పని.

బిల్లు లేకపోయినా కొంత చేయవచ్చు. ఇంజను పొట్ట మీద గుద్దిన నంబరు ఉందా లేదా చూడండి. ఎవరైనా దాన్ని గీకేసి ఉంటే బేరం అక్కడితో ముగిసింది, మామకు కూడా ఆ సంగతి చెప్పండి, ఎందుకంటే ప్రమాదం ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉంది. నంబరు ఉంటే దాన్ని ఆ కంపెనీ డీలరుకు చూపించండి. స్టిక్కరు లేని 72 సీసీ మిషను పెద్ద కంపెనీదా, అదే ఆకారంలో పోత పోసిన నకలా అన్నది మీకు ఇంకా తెలియదు. నకలైతే రూ.16,000 అన్నది బేరమే కాదు. అసలుదని తేలితే, మామ చేత తెల్లకాగితం మీద నంబరు, తేదీ, ధర, తాను ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. అది దొంగ సొత్తును మంచి సొత్తు చేయదు గానీ, మీరు తెలిసి కొనలేదని చెప్పడానికి పనికొస్తుంది. మీ భార్యకు సంఘంలో చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

మామను ఎలా అడగాలన్న దానికి నాకు తోచిన దారి ఒకటుంది. "విప్పి చూస్తాను" అనకుండా, "పని మొదలుపెట్టే ముందు ఒకసారి సర్వీసు చేయించుకుంటాను మామా, ఖర్చు నాది, మీరు కూడా రండి" అనండి. ఇది ఆయనను మాయ చేయడం కాదు. కార్బొరేటర్ శుభ్రం చేయించడం, ఫిల్టరు మార్చడం, ప్లగ్గు మార్చడం ఎవరి మిషనుకైనా కావలసినవే. వరంగల్‌లోనో హన్మకొండలోనో చైన్‌సాలు బాగుచేసే మెకానిక్ సైలెన్సర్ విప్పి పిస్టను చూపిస్తే, ఆ మాట మీ నోటి నుంచి కాక మూడో మనిషి నోటి నుంచి వస్తుంది. మామ కళ్ళతోనే చూస్తారు కాబట్టి వాదన ఉండదు. మీ జేబు నుంచి కొన్ని వందలు పోతాయి, బేరం కుదరకపోతే అవి తిరిగి రావు. షరతు ఒక్కటే: ఇదంతా డబ్బు చేతులు మారక ముందు జరగాలి. ఇచ్చేశాక చేయించే సర్వీసులో బయటపడిన లోపం మీది, దాని గురించి మామతో మాట్లాడితే అప్పుడు నిజంగానే అనుమానించినట్టవుతుంది.

రెండో దారి, మిషనును కొన్నాళ్ళు కిరాయికి తీసుకోవడం. రోజు కిరాయి కట్టి నడుపుతాననీ, నచ్చితే కట్టిన కిరాయిని ధరలో కోసుకోవాలనీ అడగవచ్చు. ఆ బరువు మీ నడుముకు పడుతుందో లేదో, వేడిలో స్టార్టవుతుందో లేదో తోటలోనే తేలిపోతుంది. దీనిలో చిక్కు కూడా ఉంది. మీరు చెప్పిన లక్షణాలున్న ఇంజను మీ చేతిలో ఉండగానే పట్టేస్తే, అది ముందే దెబ్బతిని ఉందా, మీరు ఆయిలు తక్కువ కలిపారా అన్న తగువు లేస్తుంది. చుట్టరికంలో ఆ తగువు కంటే ముందే విప్పి చూడడం మేలు. అందుకే ఈ దారిని సైలెన్సర్ చూశాకే ఎంచుకోమంటాను.

చైనా మిషను గురించి మీ తోటివాళ్ళు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. బిల్లు వస్తుంది, విడిభాగాలు చవక, ఏ మెకానిక్ అయినా విప్పుతాడు. కానీ ఒకే పేరుతో వచ్చే రెండు పెట్టెల్లో ఇనుము ఒకేలా ఉండదు. రోజంతా, నెలల తరబడి నడిపే పనిలో వాటి క్లచ్, ఆయిలు పంపు, స్టార్టర్ తరచుగా ఆగిపోతాయి, పని మధ్యలో ఆగిన రోజు మేస్త్రీ మరొకరిని పిలుస్తాడు. ఇంటి పక్క చెట్లు, వారానికి రెండు రోజుల పని అయితే అది సరిపోతుంది. జామాయిల్ కోతే జీవనాధారమైతే, 45–50 సీసీలో పెద్ద కంపెనీ మిషను మీకు సరైన సైజు. మీ దగ్గరున్న డబ్బుకు కొత్తది అందకపోవచ్చు, కానీ అదే సైజులో బిల్లున్న పాతది డీలరు దగ్గర మార్పిడికి వచ్చిందేమో అడగడానికి ఒక ఫోన్ చాలు. అప్పుడు ఆలస్యమైన ప్రతి నెలా మీరు కిస్తీ కడుతూ కూలికే పోతుంటారన్నది కూడా లెక్కలో వేసుకోండి.

నా మొగ్గు అడుగుతారు కాబట్టి చెబుతాను: పిస్టను శుభ్రంగా ఉండి, నంబరు కనబడి, గాలి లీకు సీళ్ళతో పోయేదైతే, ఆ ఖర్చు తీసేసిన ధరకు మామ మిషను కొనడంలో తప్పు లేదు, పెద్ద చెట్ల పని వెతుక్కోవాలని మీరు నిజంగా అనుకుంటేనే. నిలువు గీతలు కనిపిస్తే వద్దు. వద్దనుకున్నప్పుడు అమ్మకూ మామకూ చెప్పవలసిన కారణం మీకు ముందే ఉంది, అది పూర్తిగా నిజం కూడా: జామాయిల్‌కు ఈ మిషను బరువెక్కువ, చిన్నది కావాలి. అమ్మతో ఈ మాట మామ దగ్గరికి వెళ్ళక ముందే కూర్చుని చెప్పండి. ఆమె భయపడుతున్నది ఇంజను గురించి కాదు, తమ్ముడి ముందు కొడుకు ఎలా మాట్లాడతాడోనని.

ఏ మిషను కొన్నా, రూ.25,000 మొత్తం దాని మీదే పెట్టకండి. కొత్త చైను, సరైన సైజు గుండ్రటి ఆకురాయి, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మూతలు, కాలివేళ్ళ దగ్గర ఉక్కు ఉన్న బూట్లు, వీలైతే చైన్‌సా ప్యాంటు: వీటికి నాలుగైదు వేలు పక్కన పెట్టండి. పెట్రోలులో కంపెనీ టూటీ ఆయిలయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, మామూలు టూటీ ఆయిలయితే 40 మిల్లీలీటర్లు కలపడం వాడుక. ఆయిలు డబ్బా మీద, మిషను పుస్తకంలో ఉన్నదాన్నే పాటించండి, కంటి అంచనాతో పోయకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది, రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. కాబట్టి కలిపిన పెట్రోలును నెలకు మించి నిల్వ ఉంచవద్దు. వానాకాలంలో పని ఆగినప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఇంజను నడిపి పక్కన పెట్టండి. చెట్టెక్కి కొమ్మలు కోసే పని వస్తే ఈ వెనక పిడి మిషనును పైకి తీసుకెళ్ళవద్దు. దానికి వేరే మిషను, వేరే తాళ్ళు, ఆ పని నేర్చిన మనిషి కావాలి. అవి మీ దగ్గర సమకూరేదాకా ఆ పనిని వాటికి అలవాటున్న వాళ్ళకు వదిలేయండి.